ముఖం తిప్పి పారబోయవలసిన నీళ్లు

మూత పడ్డ 2వ రోజు

ఈ పుస్తకం నా సొంతం. ఆఫీసు పుస్తకంలో గదికి రోజుకొక మాటే రాయనిస్తారు: 'మూసి ఉంది'. పదకొండేళ్లుగా అదే రాస్తున్నాను. రాసి రాసి ఆ మాటంటేనే రోత పుట్టింది. అందుకని మిగతాదంతా ఇక్కడ కక్కుతాను.

నిన్న నాలుగో సొరంగంలో గ్యాసు చిమ్మి కొల్లి వరహాలు పడిపోయింది. డ్రిల్లు నడిపే పిల్ల, ఇరవై ఆరేళ్లు. మా గనిలో పుట్టే విషపు గ్యాసులు రెండు. ఒకదానికి ఎర్ర మందు, రెండోదానికి తెల్ల మందు. మందు మారిందంటే మనిషి దక్కదు. ఏ గ్యాసు పీల్చిందో తేలడానికి నాలుగు రోజులు పడుతుంది, మనిషి నాలుగు గంటలకు మించి ఆగదు. ఎవరో ఒకరు గుండె దిటవు చేసుకుని ఏదో ఒక మందు ఎక్కించాలి. మా దిగుడుపేట డాక్టర్లు ఆ పని మానేసి ముప్పై ఏళ్లయింది.

ఇప్పుడేం చేస్తారంటే, మనిషిని మూతగదిలో పెట్టి తలుపు బిగిస్తారు. ఆ గోడలు దాటి చప్పుడు, వెలుగు, వేడి ఏదీ బయటికి రాదని చెబుతారు. లోపలి యంత్రం ఒక కణాన్ని వదులుతుంది. అది పైకి తిరిగితే ఎర్ర మందు, కిందికి తిరిగితే తెల్ల మందు. ఎవరూ చూడనంతసేపూ కణం రెండు వైపులా తిరిగినట్టే లెక్క. మనిషి బతికీ ఉంది, పోయీ ఉంది. తలుపు తీసి చూసినప్పుడే రెండింట్లో ఒకటి ఖాయమవుతుంది. చూడలేదు కనుక ఎవరూ ఎవరినీ చంపలేదు. అందరూ చేతులు కడుక్కుని భోజనాలకు వెళ్లిపోయారు. గని గేటు మీద బోర్డు ఇప్పటికీ 'ప్రమాద మరణాలు: సున్నా' అనే చెబుతోంది.

ఆ చూసే ఉద్యోగం నాది. నన్ను చూపరి అంటారు. పదకొండేళ్లలో ఒక్క తలుపూ తీయలేదు. మూత వేసిన కాగితాల మీద మాత్రం ముప్పై ఎనిమిది సంతకాలు పెట్టాను. నిన్న వరహాలుకు పెట్టింది ముప్పై ఎనిమిదోది. ఆమె గది నంబరు 213.

5వ రోజు

ఇవాళ అమావాస్య, బంధువులు వచ్చే రోజు. ఈ హాలు కంపు గురించి రాయకుండా ఉండలేను. ప్రతి గది ముందూ రెండు ఆకులు వేస్తారు. ఎడమ ఆకులో బతికున్న మనిషికి అన్నం, పప్పు, చేపల పులుసు. కుడి ఆకులో పోయిన మనిషికి పిండం. రెండొందల పదమూడు గదులకు నాలుగు వందల ఇరవై ఆరు ఆకులు. మధ్యాహ్నానికి పులుసు పులిసి, ఈగలు ముసిరి, గంధం చిమ్మే యంత్రం ఆ కంపు మీద ఇంకో కంపు చల్లుతుంది. పక్కనే నిలబడి అందరూ కులాసాగా మాట్లాడుకుంటున్నారు.

వాళ్ల కులాసాకు కారణం పక్షాలు. మూత వేసే ముందు ఇంటివాళ్లు ఏ పక్షమో కాగితంలో రాయాలి. చూస్తేనే నిజం పుడుతుందనేవాళ్లది చూపుపక్షం. లోకం రెండు కొమ్మలుగా చీలిపోయి ఒకదానిలో మనిషి బతుకుతాడనీ, ఇంకోదానిలో పోతాడనీ అనేవాళ్లది కొమ్మలపక్షం. అంతా ముందే తేలిపోయింది, మనకు తెలియదంతే అనేవాళ్లది ముందేపక్షం. ఇదివరకు ఇవి చదువుకున్నవాళ్ల వాదనలట. ఇప్పుడు పెళ్లి సంబంధాలకు కూడా ఇవే అడుగుతున్నారు. నేను గమనించింది ఒకటే. మనిషి గదిలో పడ్డ రోజున, తెరవనక్కర్లేకుండా చేసే పక్షం ఏదో చూసుకుని అందరూ అందులోకి దూకుతారు.

వరహాలు తల్లి గవరమ్మ కొమ్మలపక్షం. రెండు ఆకులూ వేసి, 213 తలుపుకు బొట్టు పెట్టి, "ఆ కొమ్మలోన నా గుంట సక్కగ డూటీకెల్తాది సూపరమ్మా," అని నాతో నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలని ఉంది.

12వ రోజు

మూసి ఉంది. ఆకులు ఎత్తేవాడు రాలేదు. వారం నాటి పిండాల మీద పురుగులు పాకుతున్నాయి. డైరెక్టరు రామేశం గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, అతిథులు వస్తున్నారు, గంధం ఎక్కువ చిమ్మించండి అన్నారు.

33వ రోజు

హాలు ఊడ్చే సన్యాసమ్మకు జ్వరం. బకెట్ల పని నా మీద పడింది.

గదులను చల్లబరచడానికి వాటి చుట్టూ గొట్టాల్లో నీళ్లు తిరుగుతాయి. ఒక్కో గది కింద బకెట్‌లోకి కొన్ని కారుతుంటాయి. పొద్దున్నే వాటిని పారబోయాలి. గోడ మీద నియమం రాసి ఉంది: 'ముఖం తిప్పి పారబోయవలెను. చేత తాకరాదు.' గది నుంచి వచ్చే దేన్ని చూసినా, ముట్టుకున్నా, గదిని చూసినట్టే అవుతుందని ఎవరో పెద్దాయన ఎప్పుడో భయపడ్డాడు. ఆ భయం ఇప్పుడు ఆచారం. ఈ హాలులో బకెట్ వంక చూసినవాళ్లు లేరు.

మొహం తిప్పుకుని పారబోస్తే నీళ్లు ఎక్కడ పడతాయి? కాళ్ల మీద పడతాయి. 1 నుంచి 212 దాకా నా పాదాలు గడ్డకట్టుకుపోయాయి. 213 దగ్గర ఒలికినప్పుడు కాళ్లకు హాయిగా అనిపించింది.

గోరువెచ్చగా ఉన్నాయి.

నియమం పక్కనపెట్టి బకెట్‌లో చేయి పెట్టాను. పసిపిల్లకు తలంటు పోసే వెచ్చదనం అది. పక్క గది బకెట్‌లో పెట్టాను. మంచు. వేడి బయటికి రాదన్న గది లోంచి వేడి వస్తోంది. లోపల వేడి పుట్టించేది ఒక్కటే ఉంది, దాని పేరు కొల్లి వరహాలు.

34వ రోజు

సన్యాసమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఈ హాలు కట్టినప్పటి నుంచీ ఊడుస్తోంది. నీళ్ల సంగతి చెబితే ఆశ్చర్యపోతుందనుకున్నాను. చీపురు పక్కన పెట్టి, నా వంక జాలిగా చూసింది.

"ఇప్పుడు తెల్సినాదా అమ్మా నీకు?"

"నీకు ముందే తెలుసా?"

"శీతాకాలంలో నా కాళ్లు పగిల్తాయి. కొత్తగా మూసిన గది నీళ్లల్లో కాళ్లెట్టుకుని కూకుంటాను."

"కొత్తగా మూసినవన్నీ ఇంతేనా?"

"అన్నీ కాదు. సగం మూడో రోజుకే సల్లబడిపోతాయి. కడమ సగం నెలా పది రోజులు, నెలన్నర ఎచ్చగుంటాయి. ఆ తరవాత సల్లబడతాయి."

వేళ్ల మీద లెక్క వేశాను. ప్రతి గదిలోనూ నలభై పొట్లాల తిండి, వాటికి సరిపడా నీళ్లు పెడతారు, రోజుకొకటి లెక్కన. తిండి అయిపోయాక మనిషి ఇంకో నాలుగైదు రోజులు లాగుతుంది. మూడో రోజుకే చల్లబడ్డవి మందు మారిన గదులు. నెలన్నర వెచ్చగా ఉన్నవి మందు సరిపడ్డ గదులు. నూరు మందికి పైగా సరైన మందే పడి, లేచి కూర్చుని, పొట్లాలు అయిపోయేదాకా తలుపు వంక చూస్తూ చచ్చారు. వాళ్ల ముందు మేం అమావాస్య అమావాస్యకూ పులుసు పెట్టాం.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదే నువ్వు?" అని అరిచాను.

"నన్నెవులడిగినారమ్మా? మొకం తిప్పుకోమని గోడ మీద మీరే గదా రాసినారు," అంది.

ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి గట్టిగా ప్రయత్నించాను, రాలేదు. పాదాలకు తెలిసిన సంగతి ఆమె దగ్గరుంది. సంతకాలు పెట్టింది నేను. ముప్పై ఎనిమిది.

వరహాలుకు ఇంకా ఆరు పొట్లాలున్నాయి.

35వ రోజు

రామేశం గారి గదికి వెళ్లాను. టీలో బిస్కెట్ ముంచుకుని తింటున్నారు. అది సగం విరిగి టీలో పడింది. వేలు పెట్టి తీసుకుని, ఆ వేలు చీకుతూ నా మాటలు విన్నారు.

"పైడితల్లి గారూ, ఎవరి చూపూ పడనంతవరకూ ఆవిడ రెండు స్థితుల్లోనూ ఉన్నట్టే. ఇది మీకు నేను చెప్పాలా?"

"నీళ్ల మీద పడిందండీ. వెచ్చబడ్డాయి."

"నీళ్లకు చూపు ఉండదండీ."

"సరే. లోపలున్న పిల్లకు కళ్లున్నాయి కదండీ. తను బతికుందో లేదో తనకు తెలియదా?"

"ఆవిడ గదిలో భాగం," అన్నారు, చిన్నపిల్లకు ఎక్కం చెబుతున్నట్టు. "గది గురించి గదిలో భాగం చెప్పే సాక్ష్యం చెల్లదు."

ఈ మనిషికి ఏ పక్షమూ లేదని నాకప్పుడు అర్థమైంది. కిందటేడు ఆయన తమ్ముడు గనిలో గ్యాసు పీల్చి పడితే, గుట్టుగా డాక్టరును పిలిచి మరీ ఎర్ర మందు ఎక్కించారు. అది సరిపోయింది. ఆ తమ్ముడు ఇప్పుడు క్యాంటీనులో బజ్జీలు తింటుంటాడు.

తల్లి వేలిముద్ర, కమిటీ ముద్ర రెండూ ఉంటే తలుపు తీయొచ్చన్నారు. కమిటీ అరవయ్యో రోజున కూర్చుంటుందట. ముద్ర లేకుండా తీస్తే, లోపల ఏం కనబడితే అది చూపరి చేసినట్టే. శవం కనబడితే నేను హంతకురాలిని. అంతా విని, వెళ్లేటప్పుడు కాగితం మీద ఒక ఆర్డరు రాసి ఇచ్చారు. రేపటి నుంచి బకెట్లు పట్టుకునేవాళ్లందరూ మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకోవాలి.

37వ రోజు

గవరమ్మ ఇంటికి వెళ్లాను. వేలిముద్ర వేయనంది.

"తెరవొద్దు సూపరమ్మా. ఇప్పుడు నాకు ఒక కొమ్మలోనైనా ఉన్నాది. నువ్వు తెరిసీనావంటే, నేకపోతే, నాను ఏ కొమ్మ పట్టుకుని ఏలాడాలి?"

"లోపల తిండి మూడు రోజులకే ఉందమ్మా."

"ఆ కొమ్మలో తింతాది."

ఈ కొమ్మల ఓదార్పు ఎంత జిగురుగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. చేతికంటితే వదలదు. వాదించడానికి నాకు పక్షం లేదు, చదువు లేదు. ఆవిడ రెక్క పట్టుకుని, బజారంతా చూస్తుండగా, హాలుకు లాక్కొచ్చాను. "ఓలమ్మో, పిచ్చెక్కినాది సూపరమ్మకి!" అని దారంతా అరుస్తూనే ఉంది. 213 ముందు మోకాళ్ల మీద కూలదోసి ఆ చేతిని బకెట్‌లో ముంచాను.

అరుపు ఆగిపోయింది. చేయి తీసుకోలేదు. రెండో చేయి కూడా తనే పెట్టింది. నీళ్లలో వేళ్లు కదిపింది.

"ఎచ్చగున్నాది," అంది చివరికి. ఆ తర్వాత వచ్చిన కేకకు హాలులో పాత ఆకులు ఎత్తుతున్నవాళ్లు పని వదిలేసి పరిగెత్తారు. "తియ్యి! తియ్యవే తల్లీ! నా గుంటకి ఏ కొమ్మా వొద్దు, తియ్యి!"

వేలిముద్ర తీసుకున్నాను. కమిటీని ముందే కూర్చోబెట్టమని అడగడానికి రామేశం గారి దగ్గరికి వెళ్తే ఆయన సెలవు పెట్టి ఊరెళ్లారట. అరవయ్యో రోజున వస్తారట. గదుల తాళం చెవి ఆయన టేబుల్ సొరుగులో, నాలుగు తాళాల వెనక ఉంది.

38వ రోజు

నిన్న సాయంత్రం సొరుగు పగలగొట్టాను. తాళం చెవి దొరికి నడుముకు దోపుకునేసరికి కాపలావాళ్లు నన్ను పట్టుకుని ఆఫీసులోనే కూర్చోబెట్టారు. పొద్దున షిఫ్టు మారేటప్పుడు సన్యాసమ్మ వచ్చి వాళ్ల ముందు బకెట్ ఒలకబోసింది. నియమం ప్రకారం ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. నేను బయటికి నడిచాను. ఈ హాలుకు తగ్గ కాపలా.

భయం వేసింది, దాచుకోను. బకెట్ ఇవాళ నిన్నటంత వెచ్చగా లేదు. తలుపు తీసేదాకా ఆ పిల్ల రెండుగా ఉందని నేనెప్పుడూ నమ్మలేదు, కానీ నా చేయి మాత్రం నమ్మింది. తాళంలో చెవి పెట్టాక, నా చూపు వల్లే చచ్చిపోతుందేమోనని ఆగిపోయింది. పదకొండేళ్లు ఒక అబద్ధం మీద సంతకాలు పెడితే అది చేతికి అంటుకుంటుంది. రాత్రంతా ఆ తలుపు దగ్గరే కూర్చున్న గవరమ్మ నా చేతి మీద తన చేయి వేసి తిప్పింది.

లోపలి నుంచి వచ్చిన వాసనకు వెనక్కి తగ్గాను. ముప్పై ఎనిమిది రోజుల మనిషి వాసన, మలం, చెమట, పుండ్లు. ఈ హాలులో నేను పీల్చిన మొదటి నిజమైన వాసన అదే. తలుపుకు చేరగిలపడి ఉన్న వరహాలు తలుపుతోపాటే నా కాళ్ల మీదికి జారింది. పిడికిళ్లు చితికిపోయి, పచ్చి కండ కనబడుతోంది. తలుపు లోపలి వైపు ఆ పిడికిళ్ల ఎత్తున రక్తపు మరక ఉంది. పొట్లాలు ఇంకా ఏడు మిగిల్చుకుంది. తిండి తగ్గించుకుని తిన్నదట.

గొంతు పూర్తిగా పోయింది. గవరమ్మ నోట్లో నీళ్లు పోస్తుంటే, నా వంక చూసి, గాలితో మాట్లాడినట్టు అడిగింది.

"ఎన్నాళ్లయినాది?"

"ముప్పై ఎనిమిది."

"మొదటి గంటలోనే తెల్ల మందెక్కినాది. తెల్లారేసరికి నాకు బాగైపోనాది. అప్పట్నుంచి తలుపు బాదుతున్నాను. ఎవులూ పలకనేదు. ఏటి సేస్తన్నారు మీరందరూ?"

జవాబు చెప్పాలి కదా. చెప్పాను. తలుపు తీసేదాకా నువ్వు రెండుగా ఉన్నావని అనుకున్నాం అన్నాను. ఆ మాట ఆ పిల్ల మొహం ముందు నా నోటి నుంచి వచ్చాక, భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

"రెండేటి?" అంది వరహాలు. "నానొక్కదాన్నే గదా ఉన్నాను."

44వ రోజు

నన్ను జైల్లో పెట్టలేదు. అంతకంటే అసహ్యమైన పని చేశారు. రామేశం గారు పూలదండతో తిరిగొచ్చారు. నా చూపు పడ్డందువల్లే వరహాలు బతికిన వైపు ఖాయమైందట, నాది మంచి చూపట. ఊళ్లో చూపుపక్షం కానివాడు ఇప్పుడొక్కడూ లేడు. తెల్లవారేసరికి హాలు బయట క్యూ. గదుల్లో మనుషులున్న ప్రతి ఇంటివాళ్లూ కొత్త బట్టలు, టవళ్లు, పాల గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. మా గది మీరే చూడండి, మీరు చూస్తే బతుకుతారు అని కాళ్ల మీద పడుతున్నారు.

నీళ్ల సంగతి గోడెక్కి అరిచి చెప్పాను. వినలేదు. వినాలని లేదు. ముప్పై ఏళ్లు చూడకుండా తప్పించుకున్నారు, ఇప్పుడు నా కళ్లతో తప్పించుకుందామని వచ్చారు. నాకు వాళ్ల మీద రోతా వేసింది, ఏడుపూ వచ్చింది. అయినా తలుపులు తీయాలి. అద్భుతాల కోసం కాదు. లోపలున్నది ఎవరో, ఎన్నాళ్లు ఎదురుచూశారో, ఎవరు సంతకం పెట్టారో రాయడానికి.

212తో మొదలుపెట్టాను. మజ్జి గంగులు, కిందటేడు మూశాం. సంతకం నాది. భార్య అచ్చియ్యమ్మ ఇస్త్రీ చొక్కా పట్టుకుని నా పక్కనే నిలబడింది. తెరిచే కాగితంలో 'చూడకముందు స్థితి' అని ఒక గడి ఉంది. అందులో 'రెండూ' అని రాయమని రామేశం గారు పెన్ను అందించారు. నేను సన్యాసమ్మను అడిగాను.

"గంగులా? నలబై ఆరు రోజులు ఎచ్చగున్నాది," అంది. ఏ గది ఎన్నాళ్లో అన్నీ ఆమె నోటికి వచ్చు. గడిలో 'నలభై ఆరు రోజులు బతికి ఉన్నాడు' అని రాశాను. రామేశం గారు ఆ కాగితం లాక్కోబోయారు. సన్యాసమ్మ ఆయన చేతికి చీపురుతో ఒక్కటిచ్చింది.

అచ్చియ్యమ్మ ఆ గడిని కూడబలుక్కుని చదువుకుంది. చదివి, చొక్కా మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్లిపోలేదు.

వరహాలు చేతులకు కట్లతో, తల్లి భుజం పట్టుకుని వచ్చింది. తాళంలో చెవి పెడుతుంటే నా దగ్గరికి జరిగి, ఇంకా సరిగా రాని ఆ గొంతుతో మెల్లగా చెప్పింది.

"మెల్లగ తియ్యి సూపరమ్మా. తలుపుకి జారబడి ఉంతారు."

మెల్లగా తీశాను. తలుపు బరువుగా వచ్చింది.